మా వీధికీ ఒక ఓడ కావాలి

రోడ్లు, రేవులు, పర్యాటకం, పట్టణాభివృద్ధి చూసుకునే మహారాజశ్రీ పెద్దలందరికీ విశాఖపట్నం వాసులు అనేక నమస్కారాలు చేసి రాసుకున్న అర్జీ.

అయ్యా, మాకు ఓడలు కావాలి. ఎక్కి తిరగడానికి కాదు, ఆ టికెట్టు కొనే స్తోమతు మాకు లేదు. మా వీధి చివర నిలబెట్టుకోవడానికి కావాలి. చిన్నదైనా ఫర్వాలేదు, పాతదైనా ఫర్వాలేదు, పై అంతస్తులో ఈత కొలను లేకపోయినా సర్దుకుంటాం. ఓడ వస్తోందన్న కబురు చాలు మాకు. కబురు అందిన వారంలో గోతులు పూడతాయి. వెలగని దీపాలు వెలుగుతాయి. డివైడర్ల మీద నలుపు, పసుపు తాజాగా మెరుస్తాయి. ఏ పుణ్యాత్ముడి దయవల్లో కాలువల మీద మూతలు మొలుస్తాయి. మూడేళ్లు అర్జీలు పెట్టినా జరగనిది మూడు కూతల ఓడ ఒకటి వస్తే జరుగుతుంది. అందుకే వార్డుకొకటి చొప్పున ఓడలు మంజూరు చెయ్యమని వేడుకుంటున్నాం.

అనుభవం మీదే అడుగుతున్నాం. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. దేశదేశాల యుద్ధనౌకలు లంగరు వేశాయి, వాటికి కనిపించేంత మేర ఊరు పెళ్లికూతురైంది. 2023 మార్చి 28, 29 తేదీల్లో జీ20 బృందం ఒకటి వచ్చింది. ఆ బృందం పేరు మౌలిక వసతుల కార్యాచరణ బృందం, వాళ్లు చర్చించింది రేపటి నగరాలకు పెట్టుబడి ఎక్కడి నుంచి తేవాలన్న సంగతి. వాళ్లు వచ్చే దారిలో నేటి నగరం కంటపడకుండా ఒక పేదల బస్తీకి ఆకుపచ్చ పరదా కట్టారని అప్పట్లో పత్రికలు ఫొటోలు వేసి మరీ రాశాయి. రేపటి నగరానికి ఎంత ఖర్చవుతుందో వాళ్లు తేల్చారో లేదో గానీ, నేటి నగరాన్ని దాచడానికి గజాల లెక్కన పరదా గుడ్డ సరిపోతుందని మన వాళ్లు తేల్చేశారు.

ఇక 2025 జూన్ 21. యోగా దినోత్సవానికి ప్రధానమంత్రి వచ్చారు. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దిక్కుగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు పొడవునా లక్షల మందిని తెల్లవారేసరికి చాపల మీద కూర్చోబెట్టారు. ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఏ ఊరి జనం ఏ గడిలోకి వెళ్లాలో, మంచినీళ్లు ఎక్కడ పెట్టాలో గీతలు గీసి మరీ చూపించారు. అంతమందిని అంత పొద్దున్నే చేర్చి మళ్లీ ఇళ్లకు పంపగలిగిన యంత్రాంగానికి జూన్ 22 ఉదయం జగదాంబ జంక్షన్‌లో నలభై మందిని రోడ్డు దాటించడం ఎందుకు కష్టమైపోయిందో మాకు ఇప్పటికీ బోధపడలేదు. ట్రాఫిక్ శాస్త్రం మన దగ్గర ఉంది. అతిథి వచ్చినప్పుడు మాత్రమే దాన్ని బీరువాలోంచి తీస్తాం.

సరే, అసలు ఓడ సంగతికి వద్దాం.

2023 సెప్టెంబరు 4న కేంద్ర నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ మా ఔటర్ హార్బర్‌లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఖర్చు 96 కోట్ల రూపాయల పైమాట. 2,000 మంది ప్రయాణికులున్న ఓడ వచ్చినా తట్టుకునేలా కట్టారు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ ఒకే కప్పు కింద. చూడముచ్చటగా ఉంది, కాదనం. చిన్న తమాషా ఏమిటంటే, ఆ భవనం లేని రోజుల్లోనే, 2022 జూన్‌లో, కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి ‘ఎంప్రెస్’ ఓడ మా రేవు నుంచి జనాన్ని ఎక్కించుకుని పుదుచ్చేరికి బయలుదేరింది. ఓడలో జూదం ఉందన్న గొడవ మీద పుదుచ్చేరి ప్రభుత్వం దిగడానికి అనుమతి ఇవ్వలేదు, అది వేరే కథ. భవనం లేనప్పుడు ఓడ వచ్చింది. భవనం పూర్తయ్యాక ఓడ కోసం మేడ మీద నిలబడి చూశాం. ఏడు నెలలు గడిచాక, 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే నౌక వచ్చింది. అది నివాసాల నౌక. అందులో ఉండేవాళ్లు గది అద్దెకు తీసుకోరు, ఓడలోనే ఇల్లు కొనుక్కుంటారు. వాళ్ల ఇంటికి సొంతంగా చుక్కాని ఉంటుంది. మా దారి నచ్చకపోతే వాళ్లు ఇల్లు తిప్పుకుని వెళ్లిపోగలరు. మా ఇళ్లకు ఆ సదుపాయం లేదు గనక దారి బాగుచెయ్యమని అడుగుతున్నాం.

2025 వానాకాలం మొదట్లో ‘ఎంప్రెస్’ మళ్లీ చెన్నై, విశాఖ, పుదుచ్చేరి చుట్టు తిరిగింది. అది 1990లో కట్టిన ఓడ. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కుకు పంపాలని నిబంధన పెట్టుకున్న దేశంలో ముప్ఫై అయిదేళ్ల ఓడకు పూలదండలతో స్వాగతం పలికాం. తప్పు పట్టడం లేదు. పాతదానికి గౌరవమిచ్చే గుణం మనలో ఉందని తెలిసి ముచ్చటపడ్డాం. అదే గౌరవాన్ని ఓడరేవు గోడకు ఆనుకున్న పాతనగరానికి కూడా కాస్త చూపించండని మాత్రమే మనవి.

ఎందుకంటే ఓడ దిగినవాడికి మొదట ఎదురయ్యే ఊరు అదే. పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్టు, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, కొండ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న. ఈ ముగ్గురు దేవుళ్లూ వరసగా కూర్చుని ఓడరేవు మార్గాన్ని చూస్తుంటారు. ఊళ్లో ట్రాఫిక్‌ను చిరాకు పడకుండా చూడగలిగేది ప్రస్తుతానికి వాళ్లు ముగ్గురే.

ఇప్పుడు లెక్క కడదాం. పెద్ద ఇంజినీరింగ్ ఏమీ అక్కర్లేదు, అయిదో తరగతి భాగహారం చాలు. టెర్మినల్‌కు 2,000 మంది వచ్చారనుకోండి. క్యాబుకు నలుగురు చొప్పున ఎక్కితే 500 క్యాబులు. ఒక్కో బండికి ముందూ వెనకా ఖాళీతో కలిపి ఆరు మీటర్లు వేసుకుంటే 3 కిలోమీటర్ల వరుస. దాని తల కోస్టల్ బ్యాటరీ దగ్గర ఉంటే తోక ఆర్కే బీచ్ దాటుతుంది. ప్రయాణం ఇక్కడే ముగిసి, ఇక్కడే కొత్త ప్రయాణం మొదలయ్యే రోజైతే దిగేవాళ్లు 2,000, ఎక్కేవాళ్లు 2,000. అంటే ఆ వరుసకు ఎదురు వరుస. పైన పెట్టెలు మోసే బండ్లు, ఓడకు కూరగాయలూ పాలూ మంచినీళ్లూ తెచ్చే లారీలు, సిబ్బంది వ్యాన్లు, బంధువుల్ని సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వచ్చే మన అలవాటు. ఇదంతా కలిపి మూడు నాలుగు గంటల్లో జరగాలి, తర్వాత వారం రోజులు ఆ రోడ్డు మీద కుక్క కూడా పడుకోవచ్చు. క్రూయిజ్ రేవు ట్రాఫిక్ గుణం అది. పెళ్లి విస్తళ్లలా ఒక్క పూటే, అదీ ఒక్కసారే అన్నీ లేవాలి.

అదే 2,000 మందిని నలభై సీట్ల బస్సుల్లో ఎక్కిస్తే 50 బస్సులు. యాభై. అయిదు వందల పక్కన సున్నా ఒకటి తీసేస్తే వచ్చే అంకె. దీనికి ఫ్లైఓవర్ అక్కర్లేదు, కన్సల్టెంటు అక్కర్లేదు, శంకుస్థాపన అసలే అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. బస్సుకు శిలాఫలకం అతికించడానికి చోటుండదు.

ఇంకో చిక్కు ఓడల వేళ. క్రూయిజ్ ఓడ సాధారణంగా తెల్లవారుతుండగా రేవు చేరుతుంది, పగలంతా చూపించి రాత్రికి తీసుకుపోవాలి గనక. మా ఫిషింగ్ హార్బర్‌లో వేలం జరిగేదీ ఆ వేళకే. బోట్లు వస్తాయి, ఐసు బండ్లు వస్తాయి, గంపలతో ఆడవాళ్లు ఆటోల కోసం నిలబడతారు, ఆ చేప ఎనిమిదింటికల్లా గాజువాక దాకా, మధురవాడ దాకా చేరాలి. చేపకు ఓడలా టైమ్ టేబుల్ ఉండదు, ఎండ ఎక్కిందంటే దాని ధర దిగుతుంది. మీరు క్రూయిజ్ దారికి ‘అడ్డంకుల తొలగింపు’ అని కాగితం మీద రాసినప్పుడు ఆ అడ్డంకి ఎవరై ఉంటుందో మాకు ముందే తెలుసు. లారీ కాదు, దానికి యజమాని ఉన్నాడు. అడ్డంగా పార్కు చేసిన కారు కాదు, దానికి బంపరు మీద ఏదో ఒక పదవి రాసి ఉంటుంది. గంప. గంపకు నంబరు ప్లేటు ఉండదు కాబట్టి దాన్ని తొలగించడం సులువు.

ఆ హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి మంటలు లేచి దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. పక్కనే ఔటర్ హార్బర్‌లో కొత్త టెర్మినల్‌కు రిబ్బను కత్తిరించి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఒకే అలల మీద ఒక పక్క అద్దాల భవనం, ఇంకో పక్క మసైపోయిన చెక్కలు. విమర్శ కోసం చెప్పడం లేదు. రేవు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే రెండూ కలిపి చూపించమని చెబుతున్నాం.

డిసెంబరులో క్రూయిజ్ సీజను మంచి ఊపు మీద ఉంటుంది. చలికాలం, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తుపాను దయతలిస్తే. అదే మాకు మార్గశిర మాసం. మార్గశిర గురువారం నాడు బురుజుపేట అమ్మవారికి పాలూ పసుపూ కుంకుమా పట్టుకుని జనం అర్ధరాత్రి నుంచే వరుస కడతారు. ఆ రోజు పాతనగరంలో స్కూటరు నడిపించడం కన్నా స్కూటరు ఎత్తుకుని నడవడం తేలిక. మీ క్రూయిజ్ క్యాలెండరు వేసేవాళ్లు గోడ మీదున్న తెలుగు క్యాలెండరు కూడా ఒకసారి చూస్తే రూపాయి ఖర్చు లేకుండా ట్రాఫిక్ సగం తగ్గుతుంది. ఈ సలహాకు మేము ఫీజు అడగడం లేదు గనక ఇది అమలవుతుందన్న ఆశా పెట్టుకోవడం లేదు.

ఇప్పుడు మా రేవులో దర్జాగా ప్రయాణించేది ఎవరో చెబుతాం. మనిషి కాదు, రాయి. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు తనకోసమే వేసిన రైలు మార్గంలో, అరకు మీదుగా అందాలు చూసుకుంటూ, అనంతగిరి సొరంగాలు దాటుకుని వచ్చింది. రేవు దగ్గర దిగాక రోడ్డు ముఖం చూడాల్సిన పని లేకుండా కన్వేయర్ బెల్టు ఎక్కింది. అక్కడి నుంచి ఓడలో జపాను వెళ్లింది. 1976లో ఔటర్ హార్బర్ తెరిచింది ప్రధానంగా దాని కోసమే. అర్ధ శతాబ్దం కింద రాతికి అతుకుల్లేని ప్రయాణం ఏర్పాటు చెయ్యగలిగిన దేశం మాది. ఎక్కడా సిగ్నల్ లేదు, ఎక్కడా గొయ్యి లేదు, ఎవరూ దానికి చలానా రాయలేదు. మనిషి విషయానికి వచ్చేసరికి మాత్రం సాంకేతిక ఇబ్బందులు, భూసేకరణ చిక్కులు, శాఖల మధ్య సమన్వయం. రాయిగా పుట్టి ఉంటే బాగుండేదని మాలో కొందరు పైకే అంటున్నారు.

రాయి సరే, బొగ్గు మరీ చనువు. ఈ పోర్టు ఏడాదికి 8 కోట్ల టన్నులు దాటి సరుకు చూస్తోంది, ఆ సంఖ్య మాకూ గర్వమే. అందులో బొగ్గు వాటా తనంత తానే మా ఇళ్లకు వస్తుంది. ఎండలో ఆరేసిన తెల్ల పంచె మీద, పెరుగు గిన్నె మూత మీద, పసిపిల్లల ముక్కుల్లో. పాతనగరం దశాబ్దాలుగా ఈ దుమ్ము గురించి మొత్తుకుంటోంది. నీళ్లు చల్లామన్నారు, పట్టాలు కప్పామన్నారు, చెట్లు నాటామన్నారు. ఇప్పుడు ఒక్క ఉపాయం మిగిలింది. క్రూయిజ్ ఓడ పై డెక్కు మీద తెల్లటి కుర్చీలుంటాయి. వాటి మీద ఒక విదేశీ అతిథి తెల్ల దుస్తుల్లో కూర్చుని, లేచాక వెనక్కి తిరిగి చూసుకోవాలి. మా లక్ష అర్జీలు చెయ్యలేని పని ఆ ఒక్క ప్యాంటు చేస్తుందని మా నమ్మకం.

సరుకు దారి, జనం దారి వేరు చెయ్యాలన్న సంగతి మీకు తెలియదని అనం. తెలుసు. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి విశాఖలో శంకుస్థాపనలు చేసినప్పుడు అందులో కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ దాకా పోర్టుకు ప్రత్యేక రోడ్డు కూడా ఉంది. ఉద్దేశం అచ్చంగా అదే: ఊరి బండ్లు, పోర్టు లారీలు విడివిడిగా పోవాలి. ఫిషింగ్ హార్బర్ ఆధునికీకరణకు కూడా అదే రోజు రాయి పడింది, సుమారు 150 కోట్లతో. మంచి రాళ్లు రెండూ. మా అభ్యంతరం రాళ్ల మీద చెక్కే తేదీల గురించే. శిలాఫలకం మీద శంకుస్థాపన తేదీ చెక్కుతారు, చేసినవారి పేరు చెక్కుతారు, సమక్షంలో ఉన్నవారి పేర్లు, గౌరవ అతిథుల పేర్లు, చోటు మిగిలితే కాంట్రాక్టరు పేరు. పూర్తి కావాల్సిన తేదీ మాత్రం ఎప్పుడూ చెక్కరు. ఇకనుంచి అదొక్కటే చెక్కండి, పెద్ద అక్షరాలతో. పేర్లు మేము గుర్తుపెట్టుకుంటాం.

హడావుడి పనుల ఫలితం ఎలా ఉంటుందో కూడా చూశాం. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి ముక్క విడిపోయి నీళ్లలో కొంత దూరంలో కనిపించింది. జనం కంగారుపడితే, అది మాక్ డ్రిల్ అని, పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారులు సెలవిచ్చారు. ఆ రోజు నుంచి మాకు మనశ్శాంతి దొరికింది. గొయ్యిలో పడ్డా మాక్ డ్రిల్లే, సిగ్నల్ వెలగకపోయినా మాక్ డ్రిల్లే. ఈ లెక్కన మేము పుట్టినప్పటి నుంచీ రిహార్సల్లోనే బతుకుతున్నాం, అసలు నాటకం ఎప్పుడో చెప్పరు.

బయటి దేశాల సంగతి ఎత్తకపోతే మీకు తృప్తి ఉండదు కాబట్టి ఎత్తుతాం. అమెరికాలో మయామి రేవు ఒక దీవి. క్రూయిజ్ ప్రయాణికులు, కంటెయినర్ లారీలు అంతా నగరం నడిబొడ్డున ఉన్న వీధుల్లోంచి ఒక వంతెన మీదుగా పోవాల్సి వచ్చేది. సముద్రం అడుగున జంట సొరంగాలు తవ్వి 2014 ఆగస్టులో తెరిచారు. ఖర్చు వంద కోట్ల డాలర్లకు అటూ ఇటూ. లారీలు ఊరు తొక్కకుండా నేరుగా హైవే ఎక్కేశాయి. తవ్విన యంత్రానికి గర్ల్ స్కౌట్ల చేత హ్యారియెట్ అని పేరు పెట్టించారు. ఆలోచన పుట్టినప్పటి నుంచి సొరంగం తెరిచేసరికి మూడు దశాబ్దాలు పట్టిందనుకోండి, ఆ ఒక్క విషయంలో మీకూ వాళ్లకూ చుట్టరికం ఉంది. అయితే అక్కడ వేరు చేసింది లారీని. ఊరి మనిషిని కాదు.

ఇంకో పక్క వెనిస్ వాళ్లు 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడలను నడి నీటి దారిలోకి రానివ్వడం మానేశారు. బార్సిలోనా తన ఏడు క్రూయిజ్ టెర్మినళ్లను 2030 నాటికి అయిదు చేస్తానంది. అలాస్కాలోని జూనో రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి వద్దని ఒప్పందం రాయించుకుంది. చూసి చూసి విసిగినవాళ్లు తలుపు సగం వేస్తున్న వేళ మేము గడప కడుగుతున్నాం. 2024 సెప్టెంబరు 30న ‘క్రూయిజ్ భారత్ మిషన్’ మొదలుపెట్టి 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికులను రెట్టింపు చేస్తామన్నారు. చెయ్యండి. వాళ్లు పడి నేర్చుకున్న పాఠం మనకు ఉచితంగా దొరుకుతోంది, ఓడలు వచ్చేలోపు చదువుకుంటే మనమూ వాళ్లలా తలుపు వెయ్యాల్సిన అవసరం రాదు.

ఇంత చెప్పాక ఒక సంగతి నవ్వుతూ చెప్పలేం, కాబట్టి మామూలుగానే చెబుతాం. ఈ రేవులోకి 1933 అక్టోబరు 7న వచ్చిన మొదటి ఓడ ‘జలదుర్గ’. సింధియా కంపెనీ వారిది. అది బొగ్గు ఓడ కాదు, మాంగనీసు ఓడ కాదు, ప్రయాణికుల ఓడ. అంటే ఈ పోర్టు మనిషి కాలుతో మొదలైంది. మొదటి ప్రయాణికుల ఓడకూ, ప్రయాణికుల కోసం కట్టిన అద్దాల టెర్మినల్‌కూ మధ్య తొంభై ఏళ్లు ఉన్నాయి. ఈ తొంభై ఏళ్లలో టెర్మినల్ లేక ప్రయాణికులు ఆగారా? లేదు. అంతకుముందు నుంచే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి రంగూను వెళ్లారు. డెక్కు మీద, వానకూ ఎండకూ, మూట తల కింద పెట్టుకుని. వాళ్లనెవరూ క్రూయిజ్ ప్రయాణికులనలేదు, పై డెక్కు మీద గాలి మాత్రం వాళ్లే ముందు పీల్చారు.

రంగూను ఆగింది, అండమాన్ మిగిలింది. విశాఖ నుంచి శ్రీ విజయపురానికి (నిన్నటి పోర్ట్ బ్లెయిర్) ప్రయాణికుల ఓడ ఏళ్లుగా నడుస్తోంది, రెండు రోజుల పైన సముద్రం మీద. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నూటికి 13 మంది. ఎక్కువమంది ఈ తీరం వాళ్లే. పెళ్లికి, చావుకు, వైద్యానికి, ఆవకాయకి ఈ ఓడే దారి. క్రూయిజ్ ప్రయాణికుడు ఓడెక్కితే సెల్ఫీ తీసుకుంటాడు, అండమాన్ ప్రయాణికురాలు ఓడెక్కితే బస్తా కింద పెడుతుంది. తేడా అంతే. ఆమె కోసం ఏ రోడ్డు వెడల్పు చేశారు? ముసలి తల్లితో, చంటిబిడ్డతో, నాలుగు మూటలతో ఆర్టీసీ కాంప్లెక్సులో దిగిన మనిషి పోర్టు గేటు దాకా ఎలా వస్తుందో, కేంద్ర బలగాలు కాపలా ఉండే ఆ గేటు నుంచి ఓడ మెట్ల దాకా ఎలా నడుస్తుందో ఏ ప్రాజెక్టు నివేదికలో రాశారు? ఆమె రాక మాత్రం పత్రికల్లో పడదు, ఆమె దిగినప్పుడు కూచిపూడి బృందం ఎదురురాదు. థింసా బృందమైనా రాదు.

కాబట్టి అయ్యా, మా మొదటి కోరిక, వార్డుకో ఓడ, మంజూరు చెయ్యడం కష్టమని మాకూ తెలుసు. కొండవాలు కాలనీల్లో లంగరు వెయ్యడానికి కొలత సరిపోదు. దాని బదులు ఇవి చెయ్యండి.

ఓడ వచ్చే రోజుల పట్టిక నెల ముందే ఊళ్లో అందరికీ తెలిసేలా పెట్టండి, ఓడ కంపెనీకి, హోటళ్లకు మాత్రమే కాదు. ఆ రోజు ఉదయం నాలుగు గంటలపాటు భారీ లారీలను బీచ్ వైపు, పాతనగరం వైపు రానివ్వకండి. సొంత కార్ల కన్నా బస్సులకు ముందు దారి ఇవ్వండి. చేపల బండ్లకు వేళ, దారి రాసిచ్చి దాన్ని పోలీసుల చేతిలో పెట్టండి, వాళ్ల లాఠీ ఆ కాగితాన్ని చదివేలా చూడండి. గేటు నుంచి మెట్ల దాకా నీడ ఉన్న కాలిబాట వెయ్యండి, చక్రాల కుర్చీ పోయేంత వెడల్పుగా, తోపుడు బండి ఆగేంత చోటు పక్కన వదిలి. బొగ్గు కప్పండి. గోడలకు రంగులెయ్యడం కాస్త ఆపినా ఎవరూ ఏడవరు. ఆకుపచ్చ పరదాలు మిగిలి ఉంటే అండమాన్ ఓడ కోసం ఎండలో నిలబడేవాళ్ల నెత్తిన పందిరిలా కట్టండి, ఆ గుడ్డకు మొదటిసారి మంచి పని దొరుకుతుంది.

ఇవన్నీ చెయ్యడానికి డబ్బు చాలదంటారేమో. రోడ్డంత ఖర్చు వీటికి కాదు, రోడ్డు మీద పెట్టే స్వాగత ద్వారం ఖర్చుతో వీటిలో సగం అయిపోతాయి.

ముందుగా ఒక్కటి చెయ్యండి చాలు: కాంప్లెక్సు నుంచి పాతనగరం మీదుగా, ఫిషింగ్ హార్బర్ పక్కగా క్రూయిజ్ టెర్మినల్ దాకా రోజూ తిరిగే సిటీ బస్సుకు ఒక రూటు నంబరు ఇచ్చి, మొదటి బస్సు వేళ ప్రకటించండి. మిగిలినవి మాట్లాడుకోవడానికి ఆ బస్సు ఎక్కి మేమే వస్తాం. మీరూ అందులోనే రండి.